డిగ్రీ పిల్లలకి ‘సెక్సువాలిటీ సామాజిక నిర్మితి’ అని ఎలా చెప్పాలి? (గుంటూరు)

బ్రాడీపేట_లెక్చరర్
గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్తాను. కుటుంబం, వివాహం, జెండర్ అయ్యాక సెక్సువాలిటీ మీద చిన్న యూనిట్ ఉంది. ఎవరి మీద మనసు పడొచ్చు, ఏది సిగ్గు, ఏది పాపం, ఏది మగతనం అన్నవి ఒంటితో పాటు పుట్టవు, చుట్టూ ఉన్న సమాజం తయారుచేసి మన నెత్తిన పెడుతుంది అన్నది దాని సారం. నోట్సులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముందు బెంచీ అమ్మాయిలు తల వంచుకుని రాసుకున్నారు, మళ్లీ ఎత్తితే ఒట్టు. వెనక బెంచీలో నవ్వు ఆపుకోలేక ఒకడు దగ్గు నటించాడు. మర్నాడు పొద్దున్నే ఒక తండ్రి ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నారు. ‘మేడం గారు పిల్లలకి లేనిపోనివి నేర్పిస్తున్నారట’ అని. ప్రిన్సిపాల్ గారేమో ‘సిలబస్‌లో ఉంటే నోట్స్ ఇచ్చేయండమ్మా, ఎక్స్‌ప్లెయిన్ చెయ్యకండి’ అన్నారు.

యూనిట్ ఇంకా అవలేదు. ఇది క్లాసులో చెప్పినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో రాయండి. తిట్టేవాళ్లు తిట్టొచ్చు, కారణం రాసి తిట్టండి.

గోంగూర_బ్యాచ్
‘నోట్స్ ఇవ్వండి, ఎక్స్‌ప్లెయిన్ చెయ్యకండి.’ మన చదువులు మొత్తం ఒక్క ముక్కలో తేల్చేశారు సార్.

జువాలజీ_ల్యాబ్
కారణం రాసే తిడుతున్నాను. పాతికేళ్లు వచ్చిన పిల్లాడికి ఆడపిల్ల కనిపిస్తే గుండె వేగం ఎందుకు పెరుగుతుంది? హార్మోన్. టెస్టోస్టెరాన్ కూడా సమాజమే తయారుచేసిందా? మీ సోషియాలజీ వాళ్లకి ఏది చూసినా నిర్మితే. నేనూ గుంటూరే, డిగ్రీకే చెప్తాను, పునరుత్పత్తి వ్యవస్థ మొత్తం బొమ్మలతో సహా చెప్తాను. ఒక్క తండ్రీ రాలేదు.

తెనాలి_పిల్ల
@జువాలజీ_ల్యాబ్ సార్, మాకు ఇంటర్‌లో ఆ చాప్టర్ వచ్చినప్పుడు ‘ఇంట్లో చదువుకోండి, నాలుగు మార్కులే’ అన్నారు. మీరు చెప్పారంటే గొప్పే. కానీ బొమ్మలో బాణం గుర్తులు పెట్టడం వేరు, మేడం అడుగుతున్నది వేరు.

పటమట_పద్మ
విజయవాడలో చాలాకాలం ఇదే చెప్పి రిటైరయ్యాను. బ్రాడీపేట అమ్మాయ్, నువ్వు చివర మొదలుపెట్టావు. థియరీతోనూ, లైంగిక మైనారిటీలతోనూ మొదలుపెడితే క్లాసు ‘ఇది ఎవరి గురించో’ అని కూర్చుంటుంది. వాళ్ల ఇంట్లోంచి మొదలుపెట్టు.

నేను బోర్డు మీద వంశవృక్షం గీసేదాన్ని. ఒక అబ్బాయి. వాడికి చిన్నమ్మ కూతురు ఒకత్తె, మేనమామ కూతురు ఒకత్తె. చిన్నమ్మ కూతురు ఏమవుతుంది? క్లాసంతా ‘చెల్లెలు’. మేనమామ కూతురు? ‘మరదలు’ అని చెప్తూనే నవ్వులు. ఎందుకు నవ్వారు అని అడిగేదాన్ని. అక్కడ ఆగిపోయేవాళ్లు. ఒకరితో సరసమాడితే పెళ్లివాళ్లంతా కలిసి నవ్వుతారు, ఇంకొకరితో ఆడితే వావివరసలు తెలియవా అని చెప్పు తీసుకుంటారు. ఇద్దరూ అమ్మ తోబుట్టువుల పిల్లలే. తేడా ఒంట్లో ఎక్కడుంది?

తర్వాత రెండో ప్రశ్న. ఇదే బొమ్మ ఉత్తరప్రదేశ్‌లో గీస్తే? అక్కడి హిందువుల ఇళ్లలో మామ కూతురు కూడా చెల్లెలే. మన మేనరికం సంగతి వింటే వాళ్లు ముఖం చిట్లిస్తారు. మనం బాబాయి కూతుర్ని చేసుకునేవాళ్ల సంగతి వింటే చిట్లించినట్టే. ఆ చిట్లింపు నటన కాదు, నిజంగానే కడుపులో తిప్పుతుంది. ఆ తిప్పడం ఎవరు నేర్పారు అన్నదే నీ యూనిట్. ఆ గంటలో ‘సెక్స్’ అన్న మాట ఒక్కసారి కూడా పలకాల్సిన పని లేదు.

గోంగూర_బ్యాచ్
మా మరదలు ఈ గ్రూపులోనే ఉంది. నేను వెళ్లిపోతున్నా.

జువాలజీ_ల్యాబ్
@పటమట_పద్మ మేడం, ఉదాహరణ బాగుంది, అయినా ఒప్పుకోను. లెక్క మాత్రం మీవైపే ఉంది: చిన్నమ్మ కూతురైనా మేనమామ కూతురైనా సగటున పంచుకునే జన్యువులు 12.5 శాతమే. అసలు మేనమామనే చేసుకుంటే 25 శాతం, అది మన దగ్గర దర్జాగా జరిగింది. కానీ కలిసి పెరిగిన పిల్లలకి పెద్దయ్యాక ఒకరి మీద ఒకరికి ఆకర్షణ తగ్గుతుందని వెస్టర్‌మార్క్ అనే పరిశోధకుడు 1891లోనే రాశాడు. ఇజ్రాయెల్ కిబుట్జ్‌లలో, అంటే అక్కడి ఉమ్మడి వ్యవసాయ ఊళ్లలో, ఒకే శిశుశాలలో పెరిగిన పిల్లలు తమలో తాము పెళ్లి చేసుకోవడం బాగా అరుదని తర్వాత గమనించారు కూడా. అంటే కింద జీవశాస్త్రం ఉంది, పైన మీరు రంగేశారు.

పటమట_పద్మ
వెస్టర్‌మార్క్ ఫిన్లండ్‌వాడు, ఆయన మా శాఖవాడే సార్, అప్పుడే మీ ఖాతాలో వేసుకోకండి. సరే, ఒకే వాకిట్లో ఆడుకుని పెరిగిన బావామరదళ్లకి మన ఊళ్లలో ఎన్ని పెళ్లిళ్లు కాలేదు? పుట్టగానే ‘నా కోడలు’ అని వేలు పెట్టి చూపించిన మేనత్తలు లేరా? చూసీ ఎరగని ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం తగిలితే మాత్రం అన్నాచెల్లెళ్ల వరస అని సంబంధం వెనక్కి పోతుంది. కలిసి పెరిగినవాళ్లకి ఓకే, ముఖం తెలియనివాళ్లకి తప్పు. మీ సిద్ధాంతం ఇక్కడ తలకిందులు.

జువాలజీ_ల్యాబ్
ఆ పెళ్లిళ్లలో ఎంత ఆకర్షణ ఉందో మీరు కొలిచారా?

పటమట_పద్మ
మీరు కొలిచారా?

అరండల్‌పేట_నల్లకోటు
ఇద్దరూ ఆగండి, ఇక్కడ చట్టం ఇంకా సరదాగా ఉంటుంది. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం అన్నాచెల్లెళ్ల పిల్లలు, మేనమామ–మేనకోడలు కూడా నిషిద్ధ సంబంధాలే. ‘ఆచారం అనుమతిస్తే తప్ప’ అని ఒక ముక్క తగిలించారు కాబట్టి మనవాళ్ల పెళ్లిళ్లు నిలిచాయి. దేశం మొత్తానికి ఒక నీతి రాసి, పక్కనే మనకి తలుపు తీసి పెట్టారు.

సమ్మతి వయసు కూడా బోర్డు మీద రాయండి. 1860 శిక్షాస్మృతిలో ఆడపిల్లకి 10 ఏళ్లు. 1891లో 12కి పెంచితే మతం మంటగలిసిందని గగ్గోలు. 2012లో పోక్సోతో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టంతో, 18. పిల్ల ఒళ్లు అదే, ఎదిగే తీరు అదే. పదేళ్ల పిల్లకి కాపురమా అని ఇవాళ మనకి వణుకు పుడుతుంది. అప్పుడు పెద్దమనుషులకి పుట్టలేదు.

అయ్యప్పనగర్_నాన్న
నేను అనేది ఒకటే. డిగ్రీ కోసం ఫీజు కట్టి పంపుతున్నాం. బ్యాంకు పరీక్షకి పనికొచ్చేది చెప్పండి. మా అమ్మాయి సెకండియర్. ఇలాంటివి వింటే లేని ఆలోచనలు వస్తాయి. వంశవృక్షం వరకు ఓకే, అక్కడి నుంచి ఎక్కడికి తీసుకెళ్తారో మాకు తెలుసు.

కృష్ణలంక_కుర్రాడు
అంకుల్, కొత్తగా రావాల్సిన ఆలోచనలేం లేవు. ఫోన్‌లో అన్నీ వచ్చేశాయి, చెప్పేవాళ్లు లేరంతే. బస్టాండు బయట గోడ చూడండి. ‘నరాల బలహీనత, పెళ్లికి ముందు చేసిన తప్పులు, రహస్య చికిత్స, ఫలానా లాడ్జి, ఫలానా రూమ్ నంబరు’. ఇంటర్ హాస్టల్‌లో మా రూమ్మేట్ ఆ నంబరుకి ఫోన్ చేసి, ఇంట్లో పంపిన మెస్ డబ్బులు పట్టుకెళ్లి ఇచ్చాడు. వాళ్లు ఒక బూడిద రంగు పొడి పొట్లాలు కట్టిచ్చి ‘ఎవరికీ చెప్పకు’ అన్నారు. వాడు ఎవరికీ చెప్పలేదు, నెలంతా పాలల్లో కలుపుకుని తాగి బక్కచిక్కిపోయాడు. వాడికి ఉన్న రోగమల్లా ఆ గోడ చదవడమే.

జువాలజీ_ల్యాబ్
@కృష్ణలంక_కుర్రాడు ఈ విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను. వీర్యం పోతే బలం పోతుందన్నది శుద్ధ అబద్ధం. నా క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను.

బ్రాడీపేట_లెక్చరర్
సార్, మీరు మీకు తెలియకుండానే నా వైపు వచ్చేశారు. ఆ భయానికి ‘ధాత్ సిండ్రోమ్’ అని 1960లో పేరు పెట్టింది మన దేశపు సైకియాట్రిస్టే, ఎన్.ఎన్. విగ్. నీరసం నిజం, నిద్ర పట్టకపోవడం నిజం, గుండెదడ నిజం. కానీ దాని కారణం గ్రంథుల్లో లేదు, ఊళ్లో పుట్టిన నమ్మకంలో ఉంది. నిర్మితి అంటే ఉత్తుత్తిది అని కాదు. కట్టిందే అయినా మనిషిని పడేస్తుంది.

జువాలజీ_ల్యాబ్
ఇది ఒప్పుకుంటే ఇంకేదో ఒప్పించేలా ఉన్నారు. ఆలోచించి చెప్తా.

గోంగూర_బ్యాచ్
నేను మళ్లీ వచ్చా. ఆకలి కడుపులోదే, కానీ గుంటూరు వాడికి కారం తగలకపోతే అన్నం తిన్నట్టు ఉండదు. అంతేనా మేడం?

తెనాలి_పిల్ల
వచ్చాడండీ, మిరపకాయ లేకుండా ఒక్క పోస్టు రాయడు.

పాత_తెలుగు_మాస్టారు
మీరంతా సిద్ధాంతాలు ఫిన్లండ్ నుంచి తెచ్చుకుంటున్నారు. మన సాహిత్యంలోనే పాఠం మొత్తం ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరు కొలువులో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. స్త్రీ కోరికని స్త్రీయే చెప్పిన శృంగార కావ్యం. అప్పట్లో ఆమెను ఎవరూ వెలివెయ్యలేదు. నూటయాభై ఏళ్లు గడిచేసరికి వీరేశలింగం పంతులు గారికి అది బూతు అయింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠం వేయించారు, వావిళ్ల వారు అచ్చేశారు. తెల్లవాళ్ల ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు గారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండగా నిషేధం ఎత్తేశారు. విజయవాడ వాళ్లు రోజూ దాటే బ్యారేజీ మీద ఉన్నది ఆయన పేరే.

పద్యాల్లో ఒక్క అక్షరం మారలేదు. చదివేవాళ్ల సిగ్గు మారింది. ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుందమ్మా?

దూరం కూడా పోనక్కర్లేదు. కృష్ణా జిల్లా మొవ్వ నుంచి వచ్చిన క్షేత్రయ్య పదాలు తియ్యండి. ఇవాళ శాస్త్రీయ సంగీతమని కళ్లు మూసుకుని వింటున్నవాటిల్లో చాలా వేశ్య నోట పలికించినవే. పక్కనే కూచిపూడి. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా జడ ముందుకు వేసుకుని నడిచి వస్తే మగవాళ్లు రెప్ప వెయ్యలేదు. బాపట్ల వారు స్థానం నరసింహారావు గారికి స్త్రీ పాత్రలకే పద్మశ్రీ వచ్చింది. మా నాయనమ్మ ఆయన చీరకట్టు చూసి నేర్చుకున్నానని చెప్పేది. ఆ చూపుని ఎవరూ తప్పు పట్టలేదు. అదే కుర్రాడు ఇవాళ కాలేజీ ఫెస్ట్‌లో చీర కడితే వీడియో తీసి ఏడిపిస్తారు.

తెనాలి_పిల్ల
మాస్టారూ, మీ పోస్టు బాగుంది, కానీ అప్పట్లో అంతా స్వేచ్ఛే అన్నట్టు వినిపిస్తోంది. ముద్దుపళని రాసింది సరే, ఆమె చుట్టూ ఉన్న ఆడపిల్లల్లో ఎంతమందికి ‘నాకొద్దు’ అనే వీలుంది? ముత్తులక్ష్మీ రెడ్డి గారి తల్లి దేవదాసీ కుటుంబంలో పుట్టినావిడే. ఆ కూతురే ఆ వ్యవస్థ పోవాలని మద్రాసు శాసనమండలిలో పోరాడింది, 1947లో చట్టం వచ్చింది. కూచిపూడిలో మగవాళ్లు ఆడవేషం ఎందుకు వేశారు? ఆడవాళ్లని మేళంలోకి రానివ్వలేదు కాబట్టి. అదీ బోర్డు మీదకి రావాలి కదా.

పాత_తెలుగు_మాస్టారు
రావాలి. నేను వద్దనలేదు. అయితే వీరేశలింగం గారి వైపు కూడా ఒక న్యాయం ఉందని నువ్వే ఒప్పుకున్నట్టయింది.

తెనాలి_పిల్ల
కొంచెం. పద్యాన్ని తిట్టడంలో లేదు.

పేరులేని_బెజవాడ
చాలాసేపు చదివి రాస్తున్నాను. నేను గేని. బెజవాడలోనే పుట్టి పెరిగాను, ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం. మీ చర్చ వింటుంటే నాకు టెన్షన్ వస్తోంది. ‘ఇది సమాజం తయారుచేసింది’ అని క్లాసులో చెప్తే, ఇంటికి చేరేసరికి అది ఏమవుతుందో తెలుసా? ‘అయితే ఎవరో నేర్పారు, మానెయ్.’ మా నాన్న అన్నది సరిగ్గా ఇదే. హాస్టల్‌లో చెడిపోయానని అనుకున్నాడు. ఇక్కడే ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన బ్లడ్ టెస్టులు రాసి, ‘పెళ్లి చేస్తే సర్దుకుంటుంది’ అన్నాడు. నేను పుట్టుకతోనే ఇంతే అని చెప్పుకోవడం తప్ప నాకు ఇంకో ఆసరా లేదు. మీరు దాన్ని కూడా లాగేస్తున్నారు.

జువాలజీ_ల్యాబ్
తమ్ముడూ, నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.

బ్రాడీపేట_లెక్చరర్
@పేరులేని_బెజవాడ నా క్లాసులోనూ ఎవరో ఒకరు ఇదే విని ఇంటికి వెళ్లి ఉంటారు. కాబట్టి నేను చెప్పేది ఏమిటో, చెప్పనిది ఏమిటో రాస్తాను. మీ మనసు ఎటు పోతుందో అది మీరు ఎంచుకున్నది కాదు. అది పుట్టుకతో ఎంత, పెరగడంలో ఎంత అన్నది నా సబ్జెక్టు తేల్చదు, తేల్చాల్సిన అవసరం కూడా లేదు. దాని చుట్టూ కట్టిన గోడ మాత్రం నా సబ్జెక్టే. దాన్ని నేరం అన్నది ఎవరు, ఎప్పుడు? రోగం అన్నది ఎవరు? పెళ్లితో సర్దుకుంటుందని ఆ డాక్టర్‌కి ఎవరు చెప్పారు? మీ నాన్నగారి ఇష్టం సంగతీ అంతే. ఆయన్ని ఎవరూ ‘నీకు ఆడవాళ్లంటే ఎప్పటి నుంచి ఇష్టం, ఎవరు అలవాటు చేశారు’ అని అడగలేదు, అంతే తేడా. లెక్క చూస్తే అందరివీ చూడాలి. మీది ఒక్కటే తీసి బల్ల మీద పెడితే అది పాఠం కాదు, పంచాయతీ.

అరండల్‌పేట_నల్లకోటు
@పేరులేని_బెజవాడ చట్టం సంగతి. స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ 377 తెల్లవాళ్లు 1860లో పెట్టినది, ‘ప్రకృతి విరుద్ధం’ అన్న మాటతో. 2009లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, 2013లో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది, 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు పెద్దల పరస్పర సమ్మతికి అది వర్తించదంది. అంటే 2013 డిసెంబర్‌లో నేరస్థుడు, అయిదేళ్లు తిరక్కుండానే పౌరుడు. ఒంట్లో ఏం మారింది? పెళ్లి హక్కు మాత్రం 2023 తీర్పులో ఇవ్వలేదు, అది కూడా పిల్లలకి చెప్పాలి.

రోగం సంగతి: అమెరికా సైకియాట్రీ సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో జబ్బుల జాబితా నుంచి తీసేశాయి. మన సైకియాట్రీ సొసైటీ కూడా 2018లో జబ్బు కాదని ప్రకటించింది. ‘మార్చేస్తాను’ అని వైద్యం చెయ్యడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ఎవరైనా డాక్టర్ మళ్లీ అలా అంటే కాగితం మీద రాసివ్వమనండి. రాయరు.

పేరులేని_బెజవాడ
‘ఆయన్ని ఎవరూ అడగలేదు.’ ఇది నచ్చింది. ఇంట్లో అనే ధైర్యం ఇప్పటికి లేదు. అయినా క్లాసులో ‘పుట్టుక కాదు’ అని మొదటి వాక్యంగా రాయకండి మేడం, ప్లీజ్.

బ్రాడీపేట_లెక్చరర్
రాయను.

గుంటూరు_ప్యాసింజర్
ట్రాన్స్ వాళ్లతో పని చేసే సంస్థలో ఉంటాను. ఒక మాట. కాలేజీ వాళ్లకి గ్రేడు ఇచ్చే ‘నాక్’ టీమ్ వస్తోందంటే జెండర్ గుర్తొస్తుంది, అప్పుడు మాకు ఫోన్ వస్తుంది. మనిషిని స్టేజీ మీద నిలబెట్టి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపిస్తారు. ఆటో డబ్బులు కూడా ఇవ్వరు. పిలిస్తే మాట్లాడనివ్వండి, గౌరవ వేతనం ఇవ్వండి. 2014 తీర్పులో తమ జెండర్ ఏదో తామే చెప్పుకోవచ్చు అని సుప్రీంకోర్టు అంది, 2019 చట్టం వచ్చాక కలెక్టర్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాలి. ఈ రెండిటి మధ్య తిరగడం ఎలా ఉంటుందో మా అక్కలు చెప్తే మీ థియరీ యూనిట్ అక్కర్లేదు. పెళ్లింట్లో, కొత్త షాపు ముందు వాళ్ల దీవెన కావాలి, అద్దెకి ఇల్లు మాత్రం ఇవ్వరు.

అయ్యప్పనగర్_నాన్న
బెజవాడ బాబు రాసింది చదివాను. కష్టమే. ఆ డాక్టర్ అలా అనకుండా ఉండాల్సింది. కానీ నా అభ్యంతరం నాకుంది. ఇలాంటివి చెప్పేముందు తల్లిదండ్రులకి ఒక మాట చెప్పాలా వద్దా?

కృష్ణలంక_కుర్రాడు
అంకుల్, ఇంటర్ కాలేజీలో మమ్మల్ని ఎలా పెంచారో కూడా ఎవరూ మాకు చెప్పి చెయ్యలేదు. అమ్మాయిలకి ఒక మెట్లు, అబ్బాయిలకి ఒక మెట్లు. రికార్డు బుక్ అడిగినా ఇంటికి ఫోన్. రెండేళ్లు అలా ఉంచి, ఉద్యోగం రాగానే ‘నీకు ఎవరూ నచ్చలేదేంట్రా’ అంటారు. అదీ పాఠమే కదా. సిలబస్‌లో లేదు, అందరం ఫస్ట్‌క్లాస్‌లో పాసయ్యాం.

పటమట_పద్మ
@అయ్యప్పనగర్_నాన్న సెకండియర్ అంటే 18 దాటినవాళ్లు. ఓటేస్తారు. అనుమతి చీటీ అక్కర్లేదు. కానీ మీరు అడిగితే ఏం చెప్తున్నామో దాచాల్సిన పనీ లేదు. వచ్చి వెనక బెంచీలో కూర్చోండి.

బ్రాడీపేటా, ఇంకొకటి. చేతులెత్తించకు. తెల్లకాగితం ముక్కలు పంచు, అందరూ ఏదో ఒకటి రాసి డబ్బాలో వెయ్యాలి, ప్రశ్న లేనివాళ్లు సినిమా పేరు రాయాలి, అప్పుడు ఎవరు రాశారో తెలియదు. నాకు వచ్చిన చీటీల్లో బూతులు ఒకటో రెండో. మిగతావి ‘పెళ్లయ్యాక ఇష్టం లేకపోతే చెప్పొచ్చా’, ‘మొగుడు కొట్టి తర్వాత దగ్గరికి తీసుకుంటే అది ప్రేమా’. ఒక అబ్బాయి చీటీ: ‘నాకు ఏడుపు వస్తుంది, నేను మగాడినేనా’. ఈ మూడిటికీ జువాలజీలో సమాధానం ఉంటే సార్ చెప్పొచ్చు.

జువాలజీ_ల్యాబ్
లేదు. కన్నీటి గ్రంథి గురించి చెప్పగలను.

@బ్రాడీపేట_లెక్చరర్ మీరు గుంటూరే కదా. మా కాలేజీలో లైఫ్ సైన్సెస్ వాళ్లకి ఒక గెస్ట్ లెక్చర్ ఖాళీ ఉంది. వంశవృక్షంతో రండి. 12.5 శాతం లెక్క నేనే వేస్తాను, హార్మోన్ నేనే చెప్తాను, గోడ మీద పోస్టర్ సంగతి ఇద్దరం చెప్దాం. మీరు ‘అంతా నిర్మితే’ అన్న చోట మాత్రం నేను లేస్తాను, ముందే చెప్తున్నా.

బ్రాడీపేట_లెక్చరర్
లేవండి సార్. పిల్లల ముందే లేవండి. నేనూ కూర్చోను.

గోంగూర_బ్యాచ్
టికెట్లు ఎక్కడ?